కాలు ఆనని సైకిలు

శనివారం పొద్దున సూపరింటెండెంటుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను తిని సైకిళ్ళ షాపుకు వెళ్ళాలి, ఒక సైకిలు కొనాలి, భోజనం వేళకు దాని మీదే ఇంటికి రావాలి. ఇందులో బెడిసికొట్టడానికి ఏముంటుందని ఆయన ధీమా. నీటి సరఫరా ఆఫీసులో అనుకున్నదానికీ జరిగినదానికీ ఏనాడూ పొంతన ఉండదని ఆయనకు బాగా తెలుసు. కానీ ఇది ఆఫీసు పని కాదు, సొంత పని.

నిజానికి సగం ఆఫీసు పనే. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చి, ఉద్యోగులందరూ ఆదివారం కలిసి సైకిళ్ళు తొక్కితే ఫైళ్ళు వాటంతటవే కదులుతాయని కనిపెట్టారు. ఆఫీసు దగ్గర బయలుదేరి పార్కు గేటు దాకా వెళ్ళడం, అక్కడ కాఫీ తాగడం, తిరిగి రావడం. బలవంతమేమీ లేదని సర్క్యులర్లో రెండుసార్లు రాశారు కాబట్టి రాకపోతే బాగుండదని అందరికీ అర్థమైంది. పైగా అసిస్టెంట్ ఆఫీసరు కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద సూపరింటెండెంటుగారికీ క్యాషియరుకూ ఒకేరకమైన ప్రేమ.

సూపరింటెండెంటుగారు పొట్టివారు. అయితే ఆ సంగతి ఆయనకు ఎవరూ అధికారికంగా తెలియజేయలేదు. పెళ్ళికి ముందు ఆయన చెప్పిన ఎత్తుకూ, పెళ్ళయ్యాక ఇంటికి వచ్చిన ఎత్తుకూ మధ్య ఉన్న తేడాను ఆయన భార్య ఇన్నేళ్ళుగా ప్రతి కొత్త ప్యాంటు అడుగునా మడిచి కుట్టేస్తూ వచ్చింది.

"ఏమండీ, ప్యాంటు పొడుగైతే నేను మడిచి కుట్టగలను. సైకిలుని మడవలేను. మీ కొలతకి తగ్గది తీసుకోండి," అంది ఆవిడ.

"నాన్నా, మనిషి ఎత్తు కాదు, కాలి పొడుగు ముఖ్యం," అంది కూతురు ఫోనులోంచి తల ఎత్తకుండా. "చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడు. కాళ్ళ మధ్య ఒక పుస్తకం పైకంటా పెట్టుకో. నేల నుంచి ఆ పుస్తకం దాకా టేపుతో కొలిచేద్దాం."

"కాళ్ళ మధ్య పుస్తకమా? చదువంటే ఇంత గౌరవమా మీకు?" అని ఆయన మడమలు ఎత్తుగా ఉండే బూట్లు తొడుక్కుని బయటపడ్డారు.

షాపులో క్యాషియరు ముందే ఉన్నాడు. గుమ్మాల దగ్గర తల వంచుకోవడం తప్ప జీవితంలో మరే విషయంలోనూ తల వంచని మనిషి. ఒక పెద్ద సైకిలు మీద దర్జాగా కూర్చుని, ఒక కాలు నేల మీద ఆనించి ఉన్నాడు.

"లార్జ్ అండీ! నాకు ఇంతకన్నా చిన్నది కుదరదట," అన్నాడు బాధపడుతున్నట్టు మొహం పెట్టి.

షాపువాడు సూపరింటెండెంటుగారిని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. ఆ ప్రయాణం తొందరగానే ముగిసింది.

"మీకు స్మాల్ తెస్తాను సార్."

"ఎవరికి?"

"పోనీ మీడియం చూస్తారా?"

"ఆయనకిచ్చిందే ఇవ్వు."

"అది కాదు సార్. సైకిలు మధ్యలో నిలబడితే పై పైపుకీ మనకీ కాస్త సందు ఉండాలి. లేకపోతే ఆగినప్పుడు ఇబ్బందైపోతుంది."

సూపరింటెండెంటుగారు పెద్ద సైకిలుకు అటో కాలు ఇటో కాలు వేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. "ఉందిగా సందు."

"మీరు మునివేళ్ళ మీద నిలబడ్డారు సార్."

"నేనెప్పుడూ ఇలాగే నిలబడతాను."

"మీ ఇష్టం సార్," అన్నాడు షాపువాడు. సీటు ఎంత కిందికి దిగుతుందో అంత కిందికి దించి ఇచ్చాడు.

భోజనం వేళకు ఆయన సైకిలుతో ఇంటికి వచ్చారు గాని, దాని మీద కాదు, దాని పక్కన. ఎదురుపడ్డవాళ్ళు అడిగితే "కొత్తది కదా, మెల్లిగా అలవాటు చేస్తున్నా," అని చెప్పారు, పశువును కొన్నవాడిలా.

సాయంత్రం పెరట్లో అసలు సంగతి బయటపడింది. వరండా మెట్టు మీంచి అయితే సీటెక్కవచ్చు. ఎక్కాక హ్యాండిలు అందుకోవాలంటే మంచం మీంచి లేవకుండా కిటికీ తలుపు వేయబోయే మనిషిలా సాగాలి. తొక్కడం బాగానే ఉంది. ఆగడమే కుదరలేదు. నేలను కాలు వెతికింది గాని నేల దొరకలేదు. సైకిలూ ఆయనా కలిసి కరివేపాకు మొక్క మీద వాలారు.

"ఇది ఎవరి కోసం కొన్నారండీ?" అంది భార్య, మొక్కను నిలబెడుతూ.

"మెట్టు ఉన్నచోట ఎక్కుతాను, మెట్టు ఉన్నచోట దిగుతాను. ఊళ్ళో మెట్లకేం కరువు?" అన్నారాయన మోచేయి దులుపుకుంటూ.

ఆదివారం పొద్దున ఆఫీసు ముందుకు వచ్చేసరికి కరువే కనిపించింది. ఆఫీసు మెట్ల నిండా జనం. క్యాషియరు అందర్నీ వరసలో నిలబెట్టి ఫోటో తీయిస్తున్నాడు. ఆఫీసరమ్మ ఒక చివర, కొత్త సైకిలు మీద అప్పటికే ఎక్కి కూర్చుని, ఒక కాలు మెట్టు మీద పెట్టి ఉన్నారు. సూపరింటెండెంటుగారికి కాలు పెట్టుకోవడానికి జానెడు చోటు లేదు. ఆయన ఆవరణలో ఒక చుట్టు తిరిగారు.

"రండి సార్, ఫోటో!" అని అరిచాడు క్యాషియరు.

"ముందు మీరు మెట్లు దిగండి!" అని అరిచారాయన, రెండో చుట్టులో.

ఆఫీసరమ్మ మొహం వెలిగిపోయింది. "విన్నారా? ఫోటోల కోసం కాదు, తొక్కడానికి వచ్చాం అంటున్నారు ఆయన. పదండి, పదండి!" అని మెట్టును ఒక్క తన్ను తన్ని బయలుదేరారు. ఆవిడ కదిలాక ఆఫీసంతా కదలక తప్పలేదు. ఆ రద్దీలో మెట్ల వైపు తిరిగే సందు దొరక్క సూపరింటెండెంటుగారు గేటు వైపే పోయారు. వెనక్కి తిరిగి చూసేసరికి గేటు దాటి తానే ముందున్నారు.

సరే, పార్కు గేటు పక్కన పొట్టి గోడ ఉంది, అక్కడ దిగుదామనుకున్నారు. గోడ ఉంది. దాని పొడుగునా తోటమాలి ఆ రోజే పూలకుండీలు పేర్చి పెట్టాడు. ఫ్లాస్కులు పట్టుకుని ఎదురుచూస్తున్న గుమాస్తా "సార్, కాఫీ!" అని పిలిచాడు. సూపరింటెండెంటుగారు ఫ్లాస్కుల వైపు దీనంగా ఒక చూపు చూసి ముందుకు వెళ్ళిపోయారు. ఆయన వీపు మీంచి కళ్ళు తిప్పకుండా ఆఫీసరమ్మ కూడా వెళ్ళిపోయారు. ఆఫీసరు కాఫీ మానేశాక తాగే ధైర్యం ఎవరికుంది? క్యాషియరు ఒక కాలు నేలకు ఆనించి క్షణం ఆలోచించాడు. ఖాళీ కుర్చీ గుర్తొచ్చి, నిట్టూర్చి, మళ్ళీ తొక్కాడు.

నాలుగు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి!"

"ఆగలేను సార్!" అన్నారు సూపరింటెండెంటుగారు, ఉద్యోగంలో చేరాక మొదటిసారిగా పచ్చి నిజం చెబుతూ.

కానిస్టేబుల్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అంతలో ఆఫీసరమ్మ కూడా ఆగకుండా దూసుకుపోయారు. వెనకాల ఇంకో పాతికమంది, అందరి మొహాల్లోనూ ప్రభుత్వ కార్యక్రమాల్లో మాత్రమే కనిపించే నీరసం. ఇదేదో పైనుంచి వచ్చిన ఊరేగింపని అర్థం చేసుకుని, అతను విజిల్ ఊది మిగతా రోడ్ల మీద బస్సులన్నింటినీ ఆపేశాడు.

"పోలీసు బందోబస్తు కూడా ఏర్పాటు చేశాడండీ మనిషి," అని టైపిస్టు పక్కనున్నావిడతో అంది. "మనకి ఒక్కమాట చెప్పలేదు చూడండి."

ఊరు అయిపోయింది. ఇళ్ళు పలచబడ్డాయి. సూపరింటెండెంటుగారి తొడలు మండుతున్నాయి, నడుము హ్యాండిలుకూ సీటుకూ మధ్య సాగి సాగి తనది కానట్టుంది. అప్పుడు కనిపించింది, వాళ్ళ సొంత డిపార్టుమెంటు పంపుహౌసు. దాని ముందు లారీల్లోంచి పైపులు దించడానికి కట్టిన పొడవాటి సిమెంటు అరుగు. ఆయన దాని పక్కకు వెళ్ళి, బ్రేకు పట్టి, కాలు పెట్టారు. సొంత ఇంట్లో అడుగు పెట్టినప్పుడు కూడా ఆయనకు అంత సుఖం కలగలేదు. కళ్ళు తెరిచేలోపే ఆఫీసరమ్మ కూడా వచ్చి అదే అరుగు మీద కాలు మోపి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

తర్వాత అందరి వైపూ తిరిగారు. "పార్కు దాకా అందరూ వెళతారు. అక్కడితో ఆగిపోకుండా మనం పనిచేసే చోటికే మనల్ని తీసుకొచ్చారు చూడండి, దాన్ని నాయకత్వం అంటారు."

అందరూ చప్పట్లు కొట్టారు, చేతుల్లో ఇంకా ఓపిక ఉంది కాబట్టి.

"కాఫీ పార్కు దగ్గరన్నారు కదా మేడమ్," అన్నాడు క్యాషియరు రొప్పుతూ.

"కాఫీ కోసం వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోవలసింది," అన్నారు ఆఫీసరమ్మ. ఆ ఒక్క మాటతో ఖాళీ కుర్చీ క్యాషియరుకు ఎంత దూరం జరిగిందో అందరికీ కనిపించింది.

ఆ సాయంత్రం సూపరింటెండెంటుగారు బోర్లా పడుకుని భార్యతో నిజం చెప్పేశారు. "ముందుండటం కాదే, ఆగలేకపోయాను."

ఆవిడ నవ్వలేదు. వేడినీళ్ళ సంచీ నడుము మీద పెట్టి, కూతుర్ని పిలిచి టేపు తెమ్మంది. ఆయన బుద్ధిగా లేచి, వట్టి కాళ్ళతో గోడకు ఆనుకుని, పుస్తకం పెట్టుకుని నిలబడ్డారు. కూతురు కొలిచింది, ఫోనులో చూసింది. "స్మాల్, నాన్నా." తనకు ఏడుపు వస్తుందనుకున్నారాయన గాని, విచిత్రంగా ప్రాణం తేలికపడింది.

"రేపు సాయంత్రం వెళ్ళి మార్చుకు రండి. ఎవరూ చూడరు," అంది భార్య.

సోమవారం ఆఫీసరమ్మ పిలిపించారు. "అసిస్టెంట్ ఆఫీసరుగా మీ పేరు పైకి పంపిస్తున్నాను. ఆగకుండా పనిచేసే మనిషి కావాలి నాకు. ఇకనుంచి ప్రతి ఆదివారం మీరే ముందుండాలి."

చిన్న సైకిలు మీద ఎంత దూరమైనా ముందుండవచ్చని ఆయన సంతోషంగా తలూపారు. సాయంత్రం ఆఫీసు కాగానే పెద్ద సైకిలును నడిపించుకుంటూ షాపుకు వెళ్ళారు. గుమ్మం దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. లోపల తెలిసిన గొంతు.

"నేలకి కాలు ఆనడం లేదయ్యా! నిన్న నా ముందున్నాయన ఎక్కడో ఒకచోట ఆగకపోతాడా, ఆ పక్కనే ఏ గోడో చూసుకుని దిగుదాం అనుకున్నా. మహానుభావుడు ఊరు దాటించేశాడు. రాత్రంతా నిద్ర లేదు నాకు."

"చిన్నది తీసుకోమని ఆవేళే చెప్పాను మేడమ్."

"క్యాషియరు లార్జ్ తీసుకున్నాడని కూడా నువ్వే చెప్పావుగా? కింద పనిచేసేవాడికన్నా చిన్నది నేనెక్కితే ఏం బాగుంటుంది? సరే, ఇది తీసుకుని..."

సూపరింటెండెంటుగారు వెనక్కి తగ్గబోయారు. పెడలు తలుపుకు తగిలి ఖంగుమంది. ఆఫీసరమ్మ తిరిగి చూశారు. ఆవిడ చూపు ఆయన సైకిలు మీద, ఆయన చూపు ఆవిడ సైకిలు మీద పడ్డాయి. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఆయన పేరు పైకి వెళ్ళింది, ఆగకుండా పనిచేస్తాడని. ఆవిడ ఉపన్యాసం ఆఫీసంతా విన్నది, నాయకత్వం గురించి.

"మీరేంటి ఇక్కడ?" అన్నారు ఆఫీసరమ్మ.

"బెల్లు... బెల్లు పెట్టిద్దామని మేడమ్."

"నేనూ అందుకే వచ్చాను."

షాపువాడు ఏదో చెప్పబోయి, ఇద్దరి మొహాలూ చూసి, బెల్లుల డబ్బా తీశాడు.

ఆ సాయంత్రం షాపులో సైకిలేదీ మారలేదు గాని, బెల్లులు మాత్రం రెండు అమ్ముడుపోయాయి.