పలకకు రక్షణ పలక

ఆ రోజు మా ఇంట్లో నాన్న, బామ్మ, నేను ఉన్నాం. రక్షణ పలకల ప్రామాణిక సంఘం నుంచి ముఖ్య పరిశీలకుడు హిరుకావాగారు, సహాయ పరిశీలకురాలు నెజుగారు కూడా వచ్చారు. అయితే వాళ్లు ఇంట్లో ఉన్నట్టా, బయట ఉన్నట్టా అన్నది చాలాసేపటి దాకా తేలలేదు. (మా దేశంలో మనిషి ఎక్కడున్నాడో చెప్పేది మనిషి కాదు, అతని చెప్పులు.)

మానవజాతి సాధించిన ఘనకార్యాలన్నిటిలోకీ గొప్పది, దేనిమీదా గీత పడకుండా చూసుకోవడం. మా దగ్గర ఒక బీరువా ఇల్లు మారాలంటే ముందు మెట్లకు, లిఫ్టుకు, గోడలకు బోలు ప్లాస్టిక్ పలకలు చొక్కాల్లా తొడుగుతారు. మోసే మనిషికి దెబ్బ తగిలితే మందు రాస్తారు. గోడకు తగిలితే సంఘం సమావేశమవుతుంది.

ఆ పలకలు చేసేది మా నాన్న కురిహాషి. ఇంటి వెనక షెడ్డులో యంత్రం ఉంది. ప్లాస్టిక్ గింజలు అందులో కరిగి, ఉక్కు అచ్చు మూతిలోంచి వెడల్పాటి పలకగా బయటికి వస్తాయి. పైన ఒక పొర, కింద ఒక పొర, రెంటి మధ్య సన్నని గోడలు, మిగతాదంతా గాలి. బామ్మ ఎండాకాలంలో సముద్రపు నాచు జెల్లీని చెక్కపెట్టెలోంచి తోసి సేమ్యాలా తీస్తుంది చూడండి, అలాగే. ("నా పెట్టెకు ఎవడి అనుమతీ అక్కర్లేదు," అంటుంది బామ్మ. ఈ సంగతి సంఘానికి ఇంకా తెలియదు.)

మామూలు పలకల్లో ఆ లోపలి గోడలు నిటారుగా ఉంటాయి. పక్కకు ఒత్తిడి పడితే వరసగా వాలిపోతాయి. నాన్న వాటిని ఏటవాలుగా, ఒకదానికొకటి ఆనుకునేలా నిలబెట్టాడు. వేడిమీద అవి కుంగిపోకుండా అచ్చును అరగదీస్తూ రెండు చలికాలాలు గడిపాడు. చివరికి పలక బరువు సగమైంది. బలం మాత్రం తగ్గలేదు.

ఇంత తంటా దేనికంటే, మొన్నటి వరదకు ఊరంతా మా బడి వ్యాయామశాలలో తలదాచుకుంది. కుటుంబానికీ కుటుంబానికీ మధ్య అడ్డుగా నిలపాల్సిన పలకలు అక్కడే ఉన్నాయి. ఎత్తగలిగినవాళ్లే లేరు. (మా ఊళ్లో కుర్రాళ్లంటే అరవై దాటినవాళ్లు.) బామ్మ అందరి ముందే తడిబట్టలు మార్చుకుంది. ఇప్పుడు పురపాలక సంఘం కొత్తవి కొంటోంది, అదీ ఆమోదముద్ర ఉన్నవే. ముద్ర పడితే మా షెడ్డు నడుస్తుంది. పడకపోతే యంత్రం తుక్కుకు పోతుంది, నాన్న పట్నంలో గోదాము పనికి పోతాడు.

హిరుకావాగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"కురిహాషిగారూ, నేలకు రక్షణ ఏదీ?"

"పరిచానండీ. అన్నీ మా కొత్త పలకలే."

"వాటికి ఆమోదం లేదుగా."

"దానికేగా మీరొచ్చింది."

"ఆమోదం లేని పలక రక్షణ కిందికి రాదండీ. పద్ధతి ప్రకారం అది నేల. నేలైతే మేం బూట్లు విప్పాలి. బూట్లు విప్పితే ఇది పరీక్షాస్థలం కాదు, ఇల్లు. ఇంటికి మేం చుట్టాల్లా మాత్రమే రాగలం. చుట్టాలు ముద్ర వేయకూడదు."

"అయితే చుట్టాల్లాగే వచ్చి కాస్త టీ తాగండి బాబూ," అంది బామ్మ. "నిలబడి నిలబడి కాళ్లు లాగుతుంటాయి."

"నెజుగారూ, టీ ఇవ్వజూపారని రాసుకోండి."

పరిష్కారం వాళ్ల కారులోనే ఉంది. వేరే జిల్లాలో ఒక పెద్ద కంపెనీ చేసిన ఆమోదిత పలకలు. నెజుగారు ఒకదాన్ని ఈడ్చుకొచ్చి, వాకిట్లో చిన్న కాలవ మీద వంతెనలా వేసి, దానిమీద అడుగు పెట్టారు. పలక వంగింది. ఆవిడ బూటు నీళ్లలో మునిగింది. ఎవరూ చూడలేదు. (నేను చూశాను. నేను మాట్లాడను కాబట్టి లెక్కలోకి రాను.)

తర్వాత నాన్న పరిచిన పలకల మీద ఆమోదిత పలకలు పరిచారు. గోడలకు కట్టారు. జారుడు తలుపు అంచుకు కూడా కట్టి, టేపు వేసి, బూట్లతోనే లోపలికొచ్చారు. బామ్మ ఒక చేత్తో టీ కప్పు, ఇంకో చేత్తో నాన్న చేసిన పలక పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, దాన్ని రెండు ఇటుకల మీద ఉంచింది.

"ఇదిగో బాబూ, ఎక్కండి."

హిరుకావాగారు బూటుకాలు ఎత్తి, గాల్లోనే ఆపారు.

"ఇది నమూనా. దీనిమీద గీత పడితే పరీక్ష చెల్లదు. దీనికి రక్షణ ఏదీ?"

నెజుగారు నమూనా మీద ఒక ఆమోదిత పలక వేశారు. హిరుకావాగారు ఎక్కి నిలబడ్డారు. నిబంధనల ప్రకారం గెంతారు కూడా.

"వంగలేదండీ!" అన్నారు నెజుగారు.

"ఏది వంగలేదు?"

"మీ కాళ్ల కింది పలక."

"నా కాళ్ల కింద ఉన్నది ఆమోదిత పలక." ఆయన దిగి, జేబులోంచి ముద్ర తీశారు. "దీనికి అదనపు బలం అని ముద్ర వేద్దాం. కురిహాషిగారి పలక మీద ఎవరూ నిలబడలేదు కాబట్టి, అది పరీక్షకు రానట్టే."

"కింద మోసింది మా వాడిది, ముద్ర పైవాడిదా?" అంది బామ్మ.

"నెజుగారూ, సామెత చెప్పారని రాసుకోండి."

నాన్న వంగి నమస్కారం పెట్టాడు. (రెండు చలికాలాలు అచ్చును అరగదీసిన మనిషికి అంతకన్నా చేతకాలేదు.) అప్పుడు ఒక గొంతు వినబడింది. అది నాదేనని తెలుసుకోవడానికి నాకే కొంత సమయం పట్టింది.

"ఆ పైది ఒక్కటే ఉన్నప్పుడు కాలవ మీద వంగిందండీ. నెజుగారి బూటు తడిసింది. ఇక్కడ మోసింది కిందిదే. పైది తీసేసి నిలబడి చూడండి."

హిరుకావాగారు నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఈ అమ్మాయికి రక్షణ ఉందా?"

"లేదండీ," అన్నారు నెజుగారు. "మోచేతులు బయటికే ఉన్నాయి."

"మోచేతులు గీతలు పెడతాయి. బయటికి పంపండి."

"అది మా పిల్లండీ! ఇది దాని ఇల్లు!" అన్నాడు నాన్న.

"ప్రస్తుతం ఇది పరీక్షాస్థలం, కురిహాషిగారూ."

నెజుగారు నా భుజం మీద చెయ్యి వేసి వాకిట్లోకి తీసుకొచ్చారు. (నా చెప్పులు లోపలే ఉన్నాయి. కాబట్టి పద్ధతి ప్రకారం నేను ఇంట్లోనే ఉన్నాను.) ఆవిడ నా చెవి దగ్గరికి వంగి మెల్లగా, "నువ్వన్నది నిజమేనమ్మా, నా బూటు ఇంకా తడిగానే ఉంది," అన్నారు.

లోపల ముద్ర పడిన చప్పుడైంది.

ఆవిడ లోపలికి వెళ్లి తలుపు లాగారు. నా మోచెయ్యి మధ్యలో నలిగింది. తలుపు అంచుకు రక్షణ పలక ఉంది కాబట్టి దానిమీద ఏ గీతా పడలేదు.