టైలరమ్మ మీద జరిగిన పరిశోధన

మా పేటలో మనుషులు లావెక్కుతున్నారన్న సంగతిని పోషకాహార పరిశోధనా సంస్థవారు ఏడేళ్ళ అవిరళ కృషి అనంతరం కనిపెట్టారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అంతవరకూ ఈ రహస్యం పేటలో బట్టలు కుట్టేవాళ్ళకు తప్ప మరెవరికీ తెలియదు.

పేటలో దుకాణాలు పదకొండు. పదకొండింటిలోనూ బిస్కెట్లు, చిప్సు పొట్లాలు, రంగునీళ్ళ సీసాలు సమృద్ధిగా దొరుకుతాయి. కూరగాయలు కావాలంటే రెండు బస్సులు మారాలి. రెండో బస్సు ఉందని నమ్మేవాళ్ళున్నారు, నమ్మనివాళ్ళున్నారు. కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం తక్కువ.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే టైలరమ్మ ఈ పేట మనిషే. తెల్లారి ఆరింటికి మిషను ముందు కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవదు. మధ్యాహ్నం టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకుని భోజనమైందనిపిస్తుంది. ఆమె భారీ మనిషి. అందుచేత ఆమె ఏం తిన్నదో అడగవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. చూస్తే తెలుస్తోంది కదా అనుకున్నారు.

కొంతకాలంగా ఆమెకు కళ్ళు తిరుగుతున్నాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒకరోజు కాలరు మీద పడవలసిన కుట్టు వేలి మీద పడింది. వేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరుగారు ఎంత నిపుణులంటే, ఆమె గుమ్మంలో ఉండగానే రోగం తేల్చేశారు.

"బరువు తగ్గాలమ్మా."

"వేలండీ. సూది దిగింది."

"వేలు కూడా తగ్గుతుంది," అని అభయమిచ్చి, తరవాతివాళ్ళని పిలిచారు.

ఆ వారంలోనే సంస్థ తరఫున సర్వే అమ్మాయి రెండు వందల పద్నాలుగు ప్రశ్నలతో వచ్చింది. రక్తపరీక్ష ఉచితమని చెప్పడంతో టైలరమ్మ ఒప్పుకుంది. కళ్ళెందుకు తిరుగుతున్నాయో ఆ విధంగానైనా తెలుస్తుందని ఆమె ఆశ. తొంభైమూడో ప్రశ్న దాకా బండి సాఫీగా నడిచింది.

"మీరు కూరగాయలు ఎందుకు తినరు? ఒకటి, బద్ధకం. రెండు, నోటి రుచి. మూడు, రెండూ."

"ఇక్కడ దొరకవమ్మా."

"దొరకవు అన్నదానికి గడి లేదు ఆంటీ."

"పోనీ, పక్కన రాసుకో."

"పక్కన రాస్తే కంప్యూటరు ఒప్పుకోదు. మూడు పెట్టెయ్యనా?"

"ఏదో ఒకటి పెట్టు తల్లీ. యాభై జేబులు కుట్టాలి నేను."

మూడు పెట్టబడింది.

టైలరమ్మ అత్తగారిది అగ్గిపుల్ల లాంటి ఒళ్ళు. కోడలి గిన్నెలోదే ఆమె కూడా తింటుంది. సంస్థవారి తూకం యంత్రం ఆమె ఎక్కినట్టు గుర్తించడానికి కొంత సమయం తీసుకుంది. సర్వే అమ్మాయి ముచ్చటపడి, "మీ ఆరోగ్య రహస్యం ఏంటి మామ్మగారూ?" అనడిగింది.

"పళ్ళు లేవమ్మా. నమల్లేను."

ఆ గడిలో 'ఆత్మనిగ్రహం' అని నమోదైంది. నెల తిరక్కుండా ముసలావిడకు ఆదర్శ దేహం పతకం వచ్చింది. దాన్ని మెడలో వేసుకుంటే బరువుకు ముందుకు వంగిపోతోందని కోడలు తీసి మేకుకు తగిలించింది.

పతకం వచ్చింది గానీ రక్తపరీక్ష ఫలితం రాలేదు. టైలరమ్మ పని మానుకుని మూడుసార్లు సంస్థ చుట్టూ తిరిగింది. మూడోసారి గుమాస్తాకు జాలేసి విషయం విడమరిచి చెప్పాడు.

"రక్తం మీదేనండీ, ఎవరూ కాదన్లేదు. ఫలితం మాత్రం శాస్త్రానిది. పత్రికలో అచ్చయ్యాక చూసుకోవచ్చు."

"ఎప్పుడవుతుంది?"

"ఎంత, రెండేళ్ళు."

"అప్పటిదాకా నేనుండాలి కదయ్యా."

ఈ మాటకు కూడా గడి లేదు. అయితే ఆమెకు ఒక ఆహ్వానపత్రం దొరికింది. సంస్థ వార్షిక సదస్సులో 'సజీవ ఉదాహరణ'గా వేదిక అలంకరించవలసిందని ప్రార్థన. అక్కడైనా ఎవరో ఒక పెద్దమనిషి తన గోడు వింటాడని, ఉన్నవాటిలో మంచిచీర కట్టుకుని వెళ్ళింది.

వేదిక మీది కుర్చీలకు చేతులున్నాయి. ఆ చేతుల మధ్య ఆమె పట్టలేదు. చేతుల్లేని స్టూలు కోసం ఒక ఉపసంఘం వేసి, అది నివేదిక ఇచ్చేదాకా ఆమెను నిలబడమన్నారు. నిపుణులకు పద్నాలుగు రకాలతో విందు జరిగింది; ఆమెకు పరిశోధనా నియమావళి ప్రకారం నాలుగు దోసకాయ ముక్కలు అందజేశారు.

విందు తరవాత సంచాలకులు ప్రసంగించారు. "ఆహారం అందుబాటులో లేదనడం ఒక అపోహ! నేను స్వయంగా ఆ పేట గుండా ప్రయాణించాను. కారులోంచి చూస్తే అన్నీ దగ్గరలోనే ఉన్నాయి! కొరవడింది కూరగాయలు కాదు, సంకల్పం!" హాలు దద్దరిల్లింది. చప్పట్లు కొట్టే శక్తి కొందరికి లేకపోయినా, విందు అరగడం కోసం కొట్టారు.

సజీవ ఉదాహరణకు రెండు నిమిషాలు కేటాయించారు. టైలరమ్మ మైకు పట్టుకుంది. ఆమె నిలబడి అప్పటికి మూడు గంటలైంది.

"నాకు మాట్లాడ్డం రాదండీ. కొలతలు తియ్యడం వచ్చు. చొక్కా పట్టకపోతే మేం కుట్లు విప్పి మళ్ళీ కుడతాం. మీరేంటండీ, మనిషిని కత్తిరించుకు రమ్మంటున్నారు?"

అని, కళ్ళు బైర్లు కమ్మి, అక్కడే కూలిపోయింది.

హాల్లో రెండు వందలమంది వైద్యులున్నారు. అందరూ మర్యాదస్తులు కావడంతో ఒకరినొకరు ముందు నడవమని కోరుకున్నారు. రక్తం తక్కువేమో అని ఓ కుర్ర డాక్టరు నసిగితే, "అంత ఒంట్లో రక్తానికి తక్కువేమిటయ్యా!" అని పెద్దాయన కసిరారు. చివరికి నేల ఊడ్చే ఆవిడ చీపురు పారేసి, టైలరమ్మ కిందిరెప్ప లాగి చూసింది.

"సున్నం కొట్టినట్టుందయ్యా లోపల! ఎవరూ చూళ్ళేదా ఇన్నాళ్ళూ?"

గుమాస్తా తలవంచుకుని వెళ్ళి ఫైలు తెచ్చాడు. పన్నెండు ఉండవలసిన హిమోగ్లోబిన్ ఆమెకు ఆరుంది. ఎనిమిది నెలలుగా ఆ కాగితం అక్కడే ఉంది. అంత బరువున్న మనిషికి పోషకాహార లోపం అని కొడితే కంప్యూటరు తీసుకోవడం లేదట. సన్నటివాళ్ళెవరి ఖాతాలోనైనా వెయ్యాలని చూస్తున్నారట.

టైలరమ్మ నాలుగు నెలలు ఇనుము మాత్రలు వేసుకుంది. కళ్ళు తిరగడం తగ్గింది, ఆయాసం పోయింది, కుట్టు మళ్ళీ బట్ట మీదే పడుతోంది. ఒళ్ళు మాత్రం సంకల్పలోపం వల్ల అలాగే ఉంది. నేల ఊడ్చే ఆవిడకు ఆమె ఒక రవికె ఊరికే కుట్టి ఇచ్చింది. సంస్థ ఆవిడకు అనుమతి లేకుండా రోగిని తాకినందుకు సంజాయిషీ నోటీసు ఇచ్చింది.

సదస్సు ఫలితంగా మా పేటకు చౌక కూరగాయల దుకాణం మంజూరైంది. గుమ్మంలో తూకం ఉంది: నిర్ణీత బరువు మించినవారు ఇదివరకే తిన్నట్టు లెక్క, లోపలికి ప్రవేశం లేదు. కాబట్టి వారానికోసారి అత్తగారు సంచి పట్టుకుని వెళుతుంది, కోడలు మెత్తగా ఉడికిస్తుంది, ఇద్దరూ తింటారు. దుకాణానికి వచ్చేవాళ్ళంతా సన్నగా ఉన్నారని గమనించిన సంస్థ, కూరగాయలు కొంటే చాలు మనిషి సన్నబడతాడని రుజువు చేసి బహుమతి పొందింది.

మేము టైలరమ్మ పోగొట్టుకున్న పనిదినాలు, కుట్టిన జేబులు, ఆమె రక్తం పాళ్ళు అన్నీ ఇందులో రాశాము. అయినా ఆమె ఎన్ని కిలోలో ఎక్కడా చెప్పలేదని చదువుతున్నంతసేపూ మీలో కొందరికి వెలితిగా ఉండి ఉంటుంది. అట్టివారి సౌకర్యార్థం సంస్థ ఒక విచారణ కిటికీ తెరిచింది. త్వరపడండి, వరస చాలా పొడవుంది. అందులో మాకు తెలిసినవాళ్ళే ఎక్కువ.