సముద్రం మన వెనకాలే ఉండాలి!

లైట్‌హౌస్ ఎక్కి సముద్రం చూసేవాళ్ళంటే నాకు జాలండీ!

సముద్రం ఎక్కడికి పోతుంది? రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. మరి మన మొహం? ఈ పూట వేసిన పౌడరు రేపటిదాకా నిలుస్తుందా? సముద్రానికి వీపూ, ఫోన్‌కి మొహమూ చూపించడం నేర్పినవాడి కడుపు చల్లగా ఉండాలి! పూర్వం జనం కడలిని చూసి కదిలిపోయేవారట. ఇప్పుడు కదిలితే ఫొటో చెడిపోతుంది. అలలు అలా అలా వస్తుంటే మనం ఇలా ఇలా తిరిగి నిలబడాలి, అంతే!

లాభాలు ఒకటా రెండా? "ఎలా ఉందండీ లైట్‌హౌసు?" అంటే వర్ణించే శ్రమ లేదు. వాట్సాప్‌లో పడేస్తే చాలు. అవతలివాళ్ళూ చూడరు, బొటనవేలి బొమ్మ పెట్టేస్తారు. చూడకుండా తీసి, చూడకుండా పంపి, చూడకుండా మెచ్చుకోవడం! కళ్ళకి ఇంతకన్నా విశ్రాంతి ఏ డాక్టరు రాసిస్తాడు?

నమ్మరా? అయితే మా తోడల్లుడు శశిభూషణ్ సంగతి వినండి. తణుకులో లెక్కల మాస్టారు. మొన్న ఆదివారం భార్య ఉమాశ్రీనీ, కూతురు సహస్రనీ వెంటేసుకుని కాకినాడ దగ్గర ఓ పాత లైట్‌హౌస్‌కి వెళ్ళాడు. దాని పేరు మాత్రం చెప్పను. చెబితే మీరంతా వీపులు మోసుకుంటూ బయల్దేరతారు!

పైన బాల్కనీ ఇరుకు. విడతకి పదిహేనుమందినే పంపిస్తారు. పది నిమిషాలు కాగానే గార్డు విజిల్ ఊదుతాడు. అంటే తలకి నలభై సెకన్లని మా మాస్టారు మొదటి మెట్టు మీదే లెక్క తేల్చేశాడు. సగం మెట్లకి ఆయన లెక్కలు ఆపి గోడ పట్టుకున్నాడు. పక్కనే పసుప్పచ్చ చీరలో ఓ ముసలావిడ, అప్పాయమ్మట, కబుర్లు చెబుతూ చకచకా ఎక్కేస్తోంది.

"ఇయ్యాల మా ఆయనకి ఆఖరి చేపల వేట బాబూ. రేపట్నించి రొయ్యల కంపెనీలో వాచ్‌మనంట. నలభై ఏళ్ళు ఈ లైట్‌హౌసు ఆనవాలు చూసుకునే ఇంటికొచ్చాడు. 'ఈ ఒక్కరోజూ నువ్వు పైన నిలబడవే, నేను ఎర్ర తువ్వాలు ఊపుతాను' అన్నాడు. నాలుగున్నరకి పడవ వచ్చేత్తాది."

శశిభూషణ్ వాచీ చూశాడు. నాలుగూ ఇరవై అయిదు.

"అయ్యో, తప్పకుండా చూడండమ్మా!" అన్నాడు. మన గోదావరి జిల్లాల్లో మర్యాదకేం లోటండీ!

పైకి చేరారో లేదో, పధ్నాలుగు ఫోన్లు బయటికొచ్చాయి. చేతులు ఖాళీగా ఉన్నది ఒక్క అప్పాయమ్మకే. ఇంకేముంది!

"మామ్మగారూ, ఒక్క ఫొటో! ఈ గుండ్రటిది నొక్కండి, చాలు."

ఒక్క ఫొటో ఆరు కుటుంబాలదాకా వెళ్ళింది. అందరి వీపులూ సముద్రం వైపే. ఆవిడ మాత్రం మెడ సాచి, మనుషుల సందుల్లోంచి పడవ కోసం వెతుకుతూనే ఉంది.

"కాస్త పక్కకి జరగండి బాబూ."

కొత్త జంట జరిగింది. "భలే ఫ్రేమ్ పెడుతున్నారండీ మామ్మగారు!"

"కొంచెం ఒంగోండమ్మా, కంటికి ఆనట్లేదు."

ఉమాశ్రీ వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "చూశారా, పోజు ఎలా చెప్పాలో? పెళ్ళయి పదిహేనేళ్ళయింది, మీకొక్కటి తెలిస్తేనా!" అని మొగుణ్ణి దెప్పింది.

ఆఖరి నిమిషం. అప్పాయమ్మ చేతిలో మా తోడల్లుడి ఫోను. నెల కిందట కొన్నది, ఇంకా ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు.

"అదిగో!" అని ఒక్క కేక. అందర్నీ తోసుకుంటూ కటకటాల దగ్గరికి పరుగెత్తి, చెయ్యి బయటికి చాపి ఊపేసిందండీ అప్పాయమ్మ. ఫోన్‌తో సహా!

"ఓరి నాయనో, నా ఫోను!" అని అరిచాడు మా తోడల్లుడు.

పధ్నాలుగు మందీ గిరుక్కున సముద్రం వైపు తిరిగారు. పైకొచ్చాక అందరూ అటు చూడటం అదే మొదటిసారి. పడితే ఎక్కడ పడుతుందో చూడాలి కదా!

విజిల్ పడింది. ఫోన్ పడలేదు.

కిందికి దిగాక ఉమాశ్రీ ఫొటోలు చూసి లబోదిబోమంది. ఊపుతున్నంతసేపూ ఆ గుండ్రటిది నొక్కుతూనే ఉందేమో, నలభై మూడున్నాయి. ఆవిడగారి పోజులో కొప్పు ఒక్కటే దక్కింది. మిగతా వాటిల్లో నీళ్ళు, ఆకాశం, అప్పాయమ్మ బొటనవేలు. శశిభూషణ్ నాలుగు మాటలు అందామని నోరు తెరిచాడు.

"మా ఆయన తువ్వాలు ఊపాడా బాబూ?" అంది ఆవిడే ముందు. "పడవ మాదే, రంగు పోల్చుకున్నాను. మనిషే ఆనలేదు. చూపు తగ్గింది కదా."

శశిభూషణ్ భార్య చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఒక్కో ఫొటో వెనక్కి జరుపుతూ వెతికాడు. ఒకదాంట్లో నీలం చుక్క కనిపించింది. రెండువేళ్ళతో పెద్దది చేశాడు. చుక్క పడవైంది, పడవలో మనిషి నిలబడ్డాడు, మనిషి చేతిలో ఎర్రగా ఓ గుడ్డ లేచింది.

అప్పాయమ్మ వేలితో తాకితే ఫొటో జారిపోయింది. మళ్ళీ తెచ్చి చూపించాడు. మళ్ళీ తాకింది. అలా మూడుసార్లు.

అదండీ సంగతి. ఫోన్ వరమని నేను మొదట్లోనే చెప్పలేదూ?

ఆ ఫొటో సాయంత్రానికి మా ఫ్యామిలీ గ్రూపులో పడింది. పదకొండు మంది ఒకటే ప్రశ్న అడిగారు, నాతో సహా. "ఇందులో మీరెక్కడోయ్?"

"అడ్డు తప్పుకున్నాం అన్నయ్యగారూ!" అని జవాబు పెట్టాడు మా మాస్టారు.