నెమలికంఠం కారుకు క్యూరింగ్

కార్లు నడవడానికే పుట్టాయన్న మూఢనమ్మకం మానవజాతిని నూరేళ్ళకు పైగా పట్టి పీడించింది. మిగతా లోకం ఇంకా దాంట్లోనే కొట్టుమిట్టాడుతున్నా, హిందూపురంలో ఒక ఇంటి వరకు అది పోయిన నెలలో పూర్తిగా తొలగిపోయింది. ఆ ఇల్లు యశోదది. (ఇంటి కాగితాలు ఆమె భర్త లక్ష్మీకాంత్ పేరున ఉన్నాయి. తొలగిపోయిన నమ్మకం కూడా ఆయనదే.)

నిజానికి కారు కొన్నది యశోద తల్లి నరసమ్మ కోసం. నరసమ్మ ధర్మవరంలో నలభై ఏళ్ళు మగ్గం మీద పట్టుచీరలు నేసి, చూపు మసకబారాక కూతురి దగ్గరికి వచ్చేసింది. రెండు కళ్ళలోనూ పొర వచ్చిందన్నారు. పెనుకొండలోని కంటాసుపత్రి వాళ్ళు ముందు కుడికన్ను చేస్తామని ఒక తేదీ ఇస్తే, ఆ రోజు బస్టాండులో లేని మెట్టు మీద కాలు మోపి పడి, కంటికి కట్టాల్సిన కట్టు మోకాలికి కట్టించుకుని ఇంటికొచ్చింది. ఆసుపత్రి వాళ్ళు దయతలచి ఇంకో గురువారం ఇచ్చారు. ఆ గురువారం కోసమే బెంగుళూరు నుంచి తొమ్మిదేళ్ళ పాత కారు దిగింది.

"ఏం రంగు నాయనా?" అని అడిగింది నరసమ్మ, అల్లుడిని.

"నెమలికంఠం రంగత్తా."

నరసమ్మ ముఖం విప్పారింది. పడుగు నీలం, పేక పచ్చ. ఎండలో ఒక తీరు, నీడలో ఒక తీరు. చేతులతో ఎన్ని నేసిందో లెక్కలేదు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు అట్లాగే నిలబడింది.

"కన్ను తెరిస్తే మొదుట ఈ బండినే చూస్తా. ఇంగేదీ చూడను," అంది.

అత్తగారు మొదట చూడబోయేది తన కారేనని తెలిశాక లక్ష్మీకాంత్‌కు బాధ్యత పెరిగింది. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళకు నంబర్లు వేస్తాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క కాగితాన్నీ చదవకుండా వదల్లేదు, చదివిన ఏ కాగితానికీ ఎదురు చెప్పలేదు. కారును మాత్రం మొదటిసారి ఎండలో చూశాడు. ఒంటినిండా సన్నటి గీతలు.

అట్లా వాళ్ళు ధగధగ వాహన సౌందర్య సంస్థ గడప తొక్కారు. యజమాని వేణుమాధవ్ మెళ్ళో వేసుకున్న కార్డు మీద 'ఉపరితల సలహాదారు' అని ఉంది. ఆయన కారు చుట్టూ టార్చిలైటు పట్టుకుని తిరిగి, రోగి బంధువులతో మాట్లాడే గొంతుతో చెప్పాడు.

"గ్లేజ్ పట్టించాల సార్. పట్టిస్తే ఒక్క గీత కనపడదు."

"గీతలు పోతాయా?" అంది యశోద.

"పోవక్కా. కనపడవు."

(ఈ సేవను నరసమ్మ కళ్ళు ఏ సలహాదారూ లేకుండానే రెండేళ్ళుగా అందిస్తున్నాయి. ఆమెకు లోకంలో ఎక్కడా గీత లేదు.)

"అంటే ఏం పూస్తారప్పా?"

"ఒక పొర అక్కా. సన్నంగా, ఉల్లిపొర మాదిరి. అంతే."

దాంతో ఆ ఇంటికి రెండు పొరల పని పడింది. ఒకటి తీయించాలి, ఒకటి వేయించాలి. వేయించేదానికి తేదీ ముందు దొరికింది.

బుధవారం పొర వేశారు. కారుతో పాటు పదకొండు పేజీల నిబంధనావళి కూడా ఇచ్చారు. దాని ప్రకారం కారుకు ఎండ తగలరాదు, మంచు తగలరాదు. దుమ్ము, పొగ, పిల్లి, బంధువుల చేతులు తగలరాదు. నిమ్మకాయ కట్టరాదు, బొట్టు పెట్టరాదు. సంస్థ ఇచ్చిన కవరు కప్పి ఉంచాలి. కవరు ఎత్తి చూడరాదు, ఎందుకంటే మెరుపు కుదురుకునే దశలో మనిషి ఊపిరి కూడా బరువే. యజమానికి నడపాలన్న బలహీన క్షణం వస్తుందేమోనని తాళాలు సంస్థవారి పెనుకొండ ప్రాంతీయ కార్యాలయంలో భద్రపరుస్తారు. వీటిలో ఏది తప్పినా రెండేళ్ళ మెరుపు గ్యారంటీ రద్దు. అన్నిటికంటే పైన, నాలుగో పేజీలో, లావు అక్షరాల్లో: 'ఏడు రోజులు క్యూరింగ్ తప్పనిసరి.'

వచ్చే బుధవారం సాయంత్రం అధికారి వచ్చి కవరు ఎత్తుతాడు, తాళాలు తెప్పిస్తాడు. గురువారం పొద్దున ఆసుపత్రి. లెక్క సరిపోయింది. లక్ష్మీకాంత్ నిబంధనావళికి ఒక ఫైలు తెరిచి నంబరు వేశాడు.

"ఎప్పుడు ఎక్కేది నాయనా?" అని నరసమ్మ అడిగితే, "వారం క్యూరింగ్ ఉండాదత్తా, అది బాగా అయిపోతే ఎక్కేదే," అని చెప్పి ఆఫీసుకు పోయాడు.

యశోద గార్మెంట్ ఫ్యాక్టరీలో బట్టల చెకింగ్ చూస్తుంది. ఎనిమిదికి పోతే ఆరుకు రావడం. ఆ వారం ఇంటికొచ్చేసరికి వాకిలంతా తడిగా ఉండేది. సంపులో నీళ్ళు నాలుగు రోజులు రావాల్సినవి రెండు రోజులకే అడుగంటాయి. అడిగితే నరసమ్మ, "మంచి పనికే పోసినాంలే," అనేది. మొక్కలకనుకుంది యశోద. (ఆ ఇంట్లో మొక్కలు లేవన్న సంగతి ఆమెకు బుధవారం దాకా తట్టలేదు.)

బుధవారం సాయంత్రం ఆరున్నరకు మెరుపు తనిఖీ అధికారి చంద్రప్ప వచ్చాడు. సంస్థ నిబంధన ప్రకారం ఆయన మీసం పెంచాడు. బానెట్ మెరుపులోకి తొంగి చూసినప్పుడు మీసంలో తెల్ల వెంట్రుకలెన్నో లెక్కకు రావాలి, వస్తే పాస్. ఇంటివాళ్ళను వరసగా నిలబెట్టి, తువ్వాలతో ముక్కు, నోరు కట్టుకుని, రెండు చేతులతో కవరు ఎత్తాడు.

కారు కనపడలేదు. నాలుగు పక్కలా తడి గోనెసంచులు కప్పి ఉన్నాయి. పైకప్పు మీద చుట్టూ బంకమట్టితో చిన్న గట్లు కట్టి, వాటి మధ్య రెండు వేళ్ళ లోతు నీళ్ళు నిలబెట్టి ఉన్నాయి. బానెట్ మీద గోనెసంచిలో మిగిలిపోయిన వేరుశనగ గింజలు నానినట్టున్నాయి, సందుల్లోంచి చెనక్కాయ మొలకలు, ఒక్కోటి రెండేసి ఆకులతో, అధికారి వైపు తలలెత్తి చూస్తున్నాయి.

పక్కింటి గోడ మీద నుంచి మేస్త్రీ ఓబుళప్ప తల కనపడింది.

"క్యూరింగ్ బాగా పట్టింది సార్," అన్నాడు సంతోషంగా. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్క పూట తప్పలే. మామూలుగా స్లాబుకు ఇరవై ఒక్క దినాలు కొట్టాల, మీరు ఏడు దినాలే చాలంటిరంట. నేనైతే ఇంగో వారం కొడుదును."

"ఎవరప్పా నీకు చెప్పింది?" అన్నాడు చంద్రప్ప.

"అవ్వ చెప్పింది."

నరసమ్మ ముందుకొచ్చింది. "నేనే నాయనా. అల్లుడు క్యూరింగ్ ఉండాది అనె. వీళ్ళిద్దరూ తెల్లారితే పనికి పోయిరి. నీళ్ళు కొట్టే వాళ్ళెవరు? క్యూరింగ్ లేకుంటే పగుళ్ళిస్తాది గదా. ఈ ఇల్లు కట్టేటప్పుడు అల్లుడేగదా మూడు వారాలు పైపు పట్టుకొని మిద్దె మీద నిలబడింది. గురువారానికి బండి గట్టిపడల్ల అని ఓబుళప్ప కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తి."

మూడు వారాలు పైపు పట్టుకున్న మాట నిజం. లక్ష్మీకాంత్ నాలుగో పేజీ తెరిచి చూశాడు. క్యూరింగ్ తప్పనిసరి అనే ఉంది. ఎట్లా అన్నది ఎక్కడా లేదు. ఆంధ్రదేశంలో ఆ మాటకు ఉన్న ఒకే ఒక అర్థాన్ని ఆ ఇంట్లో ఒక్క మనిషి, చూపు లేని మనిషి, తు.చ. తప్పకుండా అమలు చేసింది.

చంద్రప్ప ఫారం బయటికి తీశాడు. ఉపరితల వినియోగం అన్న చోట 'సొంతం', 'వ్యాపారం' అని రెండే ఉన్నాయి. ఆలోచించి మూడోది చేత్తో రాశాడు: 'సేద్యం.'

"మెట్టనా, మాగాణినా?"

"నీళ్ళు నిలిచినాయి గాబట్టి మాగాణి రాయండి," అన్నాడు లక్ష్మీకాంత్, అలవాటు కొద్దీ.

"చెనక్కాయ మెట్ట పంట సార్," అన్నాడు ఓబుళప్ప గోడ మీద నుంచి. "రాతల్లో తప్పు పోతే రేపు ఇన్సూరెన్సుకు కష్టం."

ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి 'మెట్ట, తాత్కాలిక నీటి వసతితో' అని కుదిరింది. మొలకలను సాక్ష్యం కింద ఒక కవర్లో వేసి సీలు వేశారు. అధికారి తీర్పు సారాంశం ఇది: గడచిన వారం రద్దు. ఉపరితలాన్ని సేద్యం నుంచి మెరుపుకు మార్చి, రేపు పొద్దున ఇక్కడే కొత్త పొర వేసి, మళ్ళీ ఏడు రోజులు. ఈసారి నీళ్ళు లేకుండా.

"నీళ్ళు లేకుండా క్యూరింగా!" అన్నాడు ఓబుళప్ప. ఇరవై ఏళ్ళ అనుభవంలో అంతటి అబద్ధం ఆయన వినలేదు.

యశోద బకెట్ అందుకుంది. "రేపు మా అమ్మకు ఆపరేషన్ ఉండాది సార్. నాలుగు బకెట్లు పోసి ఆ మట్టి కడిగేస్తా. తాళం ఇచ్చిపోండి. మెరవకపోతే మానె."

"తాళం నాతో తేలేదు మేడమ్. పాసైతే ఫోన్ చేస్తాం, ఆడి నుంచి పంపుతారు. ఫెయిలైతే పంపరు. పదకొండో పేజీ."

"ఏమండీ, మీరన్నా చెప్పండి."

లక్ష్మీకాంత్ పదకొండో పేజీ చదువుతున్నాడు. "ఉండాది యశోదా," అన్నాడు. "స్పష్టంగా ఉండాది."

అద్దె కారు మాట్లాడదామంటే, సొంత కారు వాకిట్లో పెట్టుకుని అద్దె కారు ఎక్కితే వీధిలో నవ్వుతారన్నాడు. (ఏ కాగితంలోనూ లేని నిబంధనను ఆయన పాటించింది జీవితంలో ఇదొక్కసారే.) కొత్త పొర వేసేటప్పుడు యజమాని హాజరు కావాలి కాబట్టి సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయాడు.

గురువారం పొద్దున యశోద తల్లి చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. "మెట్టుమా. ఇంగొకటి. ఇంగొకటి. అయిపాయె." పెనుకొండలో దిగితే కంటాసుపత్రి ఉన్న వీధిలోనే, సరిగ్గా ఎదురుగా, ధగధగ ప్రాంతీయ కార్యాలయం బోర్డు. తల్లిని ఆసుపత్రి బెంచీ మీద కూర్చోబెట్టి యశోద రోడ్డు దాటింది. కౌంటర్లో వీణ అనే అమ్మాయి ఉంది. వెనక అద్దాల బీరువాలో కొక్కేనికి తమ తాళాలు, తమ నంబరుతో సహా, కనపడుతూనే ఉన్నాయి.

"అదో, అవే మావి. ఇస్తావా పాపా? రేపు మా అమ్మను కట్టుతో బస్సులో తీసకపోవాల."

"బండి తెచ్చినారా మేడమ్?"

"తాళం లేకుండా బండి ఎట్ల తెస్తారు?"

"బండి తెస్తే పరీక్ష చేసి తాళం ఇస్తాం."

"తాళం ఈడ పెట్టుకొని బండి తెమ్మంటే ఎట్లమ్మా?"

వీణ కంప్యూటర్లో చూసింది. నిజంగా జాలిపడింది. "ఆ ప్రశ్న ఇంతకుముందు గూడా అడిగినారు మేడమ్. జవాబు పై ఆఫీసు నుంచి రావాల."

ఆపరేషన్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నలభై ఏళ్ళ పోగులు చూసిన కంటి మీది పొరను ఆ డాక్టరు మీసం గీసంతో పని లేకుండా తీసేశాడు. కంట్లో చుక్కలు వేసుకోవాలి, నీళ్ళు మాత్రం పడరాదని నర్సు చెప్పింది.

"దీనికీ నీళ్ళు కొట్టగూడదంటనా?" అంది నరసమ్మ దిగులుగా. "ఎందుకోసమే క్యూరింగ్ అనే మాట చెడగొట్టినారు?"

మర్నాడు కట్టు విప్పి నల్లద్దాలు పెట్టారు. నరసమ్మ గబుక్కున కళ్ళు మూసుకుని, అద్దాల మీదుగా కొంగు కప్పుకుంది.

"చూడవ్వా, ఎన్ని వేళ్ళు?" అన్నాడు డాక్టరు.

"ఇంటికి పోయి చెప్తా నాయనా. మొదుట చూసేది ఒకటుండాది."

అట్లాగే వచ్చింది హిందూపురం దాకా. చూపు వచ్చిన కంటితో, కిటికీ పక్క సీట్లో, ముఖం మీద కొంగుతో. బస్సు మెట్లు మళ్ళీ కూతురే లెక్కపెట్టింది. వాకిట్లోకొచ్చి, లక్ష్మీకాంత్ ఎదురొచ్చి, "ఇదో అత్తా, ముందరే ఉండాది," అన్నాక కొంగు తీసింది. అద్దాలు కాస్త కిందికి జరిపి చూసింది.

చాలాసేపు చూసింది.

"యశోదా, నెమలికంఠం అంటిరి. ఇది బూడిద రంగు గదే."

"అది కవరుమా."

నరసమ్మ దగ్గరికి పోయి కవరు అంచు బొటనవేలితో రాసి చూసింది. "గుడ్డ మంచిదే. ఈడొక పోగు జారింది, చూడు." యశోద చూసింది. చెకింగులో పన్నెండేళ్ళు చేసిన ఆమె కంటికి అది ఆనలేదు. అంచును కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తే నిజంగానే జారింది. ఆపరేషన్ చాలా బాగా జరిగింది.

"తీయండి మరి. చూస్తా," అంది నరసమ్మ.

లక్ష్మీకాంత్ కవరుకు అడ్డంగా నిలబడ్డాడు. కోపంతో కాదు, బాధతోనే. "ఇంగా ఆరు దినాలు చూడగూడదత్తా. ఊపిరి తగిలినా పోతాదంట."

"డాక్టరు నన్ను చూడమని కాగితం రాసిచ్చినాడు నాయనా. నీకు వాళ్ళు చూడొద్దని రాసిచ్చినారు. రెండిట్లో ఏది పెద్దది?"

న్యాయమైన ప్రశ్నే. లక్ష్మీకాంత్ లోపలికి పోయి రెండూ తెచ్చి, అరుగు మీద పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. ఆసుపత్రిది ఒక్క పేజీ. సంస్థది పదకొండు.

రెండో కంటి పొర తీయడానికి ఆసుపత్రి వాళ్ళు వచ్చే నెల పద్దెనిమిదో తేదీ ఇచ్చారు. రద్దయిన పొర లెక్కలోకి రాదు కాబట్టి, కారుకు రెండో పొర వేయడానికి ధగధగ వాళ్ళు పదిహేడు ఇచ్చారు.