నేను కనిపెట్టిన జలపాతం

నవ్వనంటేనే చెబుతాను. ఇంకా మొదలుపెట్టకుండానే పళ్ళు బయటపెడుతున్నారు చూశారా, అదే వద్దన్నది.

నేను మంచినీళ్ళ శాఖలో మేస్త్రీనన్న సంగతి మీకు తెలిసిందే. ఊళ్ళో ఎక్కడ గొట్టం కారినా నేనే పరుగెత్తాలి. కాబట్టి నా లెక్కలో సెలవంటే నిద్ర. మా ఆవిడ లెక్కలో సెలవంటే జలపాతం. పెళ్ళైన కొత్తలో ఏదో సరదాగా చూపిస్తానని నోరు జారాను. ఆవిడ దాన్ని అక్కడే పట్టుకుంది.

ఈసారి వారం రోజులు సెలవు దొరికింది. నేను మంచం దులుపుతుంటే ఆవిడ పెట్టె దులుపుతోంది.

"ఎక్కడికే?" అన్నాను.

"జలపాతానికి."

"అంత దూరం ఎందుకూ? మన ఊరి పక్కనే ఎవరికీ తెలియని జలపాతం ఉంది. నేనే కనిపెట్టాను."

"మీరా! నిన్న నెత్తిమీద కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికారు."

"చిన్న వస్తువులు నాకు ఆనవు. పెద్దవైతే ఇట్టే పట్టేస్తాను."

అసలు సంగతేమిటంటే, మా వీధి వెనక గుట్ట మీద పెద్ద గొట్టం అతుకు ఊడి కారుతోంది. నీళ్ళు పొదల మాటున రాతి మీంచి జారుతూ ఎంత ముచ్చటగా ఉన్నాయో! బాగుచేయాల్సింది నేనే. సెలవయ్యాక చూద్దాంలే అనుకున్నాను. మా శాఖలో అందరం అలాగే అనుకుంటాం.

ఇంటి వెనకే అంటే జలపాతానికి విలువేముంటుంది? అందుకని మా ఆవిడని గుట్ట చుట్టూ తిప్పాను. ముళ్ళపొదల్లోంచి నేను ముందు నడుస్తూ, ప్రకృతి గురించి ఆపకుండా ఉపన్యాసం ఇస్తూ వెళ్ళాను.

"ఇంకా ఎంత దూరమండీ?"

"ఎంత దూరం నడిస్తే అంత విలువ!"

చివరికి జలపాతం చూసి ఆవిడ ముఖం వెలిగిపోయింది. అది చూసి నాకు నిజంగానే సిగ్గేసింది. ఇంటికొచ్చి పడుకోగానే ఆ సిగ్గు పోయింది.

మెలకువ వచ్చేసరికి ఇంట్లో కుళాయి బుస్సుమంటోంది, చుక్క లేదు. వీధిలో అందరిదీ అదే గోల. అతుకు మరింత ఊడినట్టుంది. అయినా ఎవరూ నన్ను తిట్టలేదు. అందరూ సబ్బులూ తువ్వాళ్ళూ పట్టుకుని గుట్టెక్కుతున్నారు. మా ఆవిడ వీధంతా చాటేసింది మరి. అందరికన్నా ముందు బిందెతో, మా ఇంట్లోనే ఉండే మా అత్తగారు!

నేనూ పరుగెత్తాను. అక్కడ ధార కింద తలంతా సబ్బు నురగతో నిలబడి ఉన్నది ఎవరనుకున్నారు? మా ఇంజనీరుగారు! ఆయన మామూలుగా మాట్లాడినా కిటికీలు అదురుతాయి కనక మేమంతా ఉరుముగారు అంటాం.

"ఏమయ్యా, జలపాతం బ్లీచింగ్ వాసనేస్తోందేమిటి?" అని ఉరిమారు.

"అడవి మూలికలండీ," అన్నాను.

"ఏం మూలికలో ఏమో నాయనా! మన కుళాయిలో రాని ధారంతా ఇక్కడే ఉంది," అన్నారు అత్తగారు బిందె నింపుకుంటూ.

ఉరుముగారు కళ్ళలో నురగ తుడుచుకుని పైకి చూశారు. అక్కడ గొట్టం కనిపించింది. తరవాత నా వైపు చూశారు. ఉద్యోగం ఊడినట్టేనని నేను గోడకి జారబడబోతే, అక్కడ గోడ కూడా లేదు.

అప్పుడు మా ఆవిడ ముందుకొచ్చింది. "మావారు చెప్పలేదా అన్నయ్యగారూ? ఈ లీకు కనిపెట్టింది ఆయనే. సెలవంతా పోయినా సరే, నేనే తవ్వి బాగుచేస్తానని ఒకటే పట్టు!"

"మనిషంటే నువ్వయ్యా!" అని ఉరుముగారు ఆ సబ్బుతోనే నన్ను కావలించుకున్నారు. ఉద్యోగం మిగిలింది, నిద్ర పోయింది.

వారమంతా నేను గుట్ట మీద గొయ్యి తవ్వుతూనే ఉన్నాను. మా ఆవిడా అత్తగారూ రోజూ సంచీ పట్టుకుని ఎక్కడికో వెళ్ళి, సాయంత్రం తడిసిన చీర కుచ్చిళ్ళతో నవ్వుకుంటూ వస్తున్నారు.

"ఎక్కడికే రోజూ?"

"మడుగు దగ్గరికి. ఎవరికీ తెలియదు. నేనే కనిపెట్టాను."

ఒంటినిండా బురదతో ఆ మాట వింటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. చివరిరోజు పని అయ్యాక, నన్నూ తీసుకెళ్ళవే అని బతిమాలాను.

"చాలా దూరమండీ. నడవగలరా మరి?" అంది.

నడిచాను. కాళ్ళలో ముళ్ళు దిగాయి. నాలిక పిడచగట్టింది. దూరంగా ఏదో డాబా మీద ఆరేసిన చారల దుప్పటి కనిపించింది. కాసేపటికి మళ్ళీ కనిపించింది. మూడోసారి కనిపించినప్పుడు అది నా దుప్పటేనని అర్థమైంది.

నేను నోరు తెరిచేలోగా ఆవిడ పొద పక్కకి జరిపింది. కింద చిన్న మడుగు. రాతి పగుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. రెల్లు మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. ఏ వాసనా లేదు. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఎలా కనిపెట్టావే?"

"మొదటిరోజు మీరు నన్ను తిప్పిన దారేగా ఇది! మీరు ఉపన్యాసంలో ఉండి చూసుకోలేదు."

ఇంతలో రెల్లు వెనకాల గోడ మీంచి అత్తగారి తల లేచింది. "అమ్మాయీ, టీ చల్లారిపోతోంది. పెరటి తలుపు తీసే ఉంచాను, రండి."

నేను ఆ గోడని చూశాను. నేను కట్టించిన గోడే.

"పెరట్లోంచి నాలుగడుగులు వేస్తే సరిపోయేదానికి, నన్ను గుట్టంతా ఎందుకు తిప్పావే?"

"ఎంత దూరం నడిస్తే అంత విలువ అన్నారు కదండీ," అని మా ఆవిడ టీ తాగడానికి వెళ్ళిపోయింది. నేను మడుగులో కాళ్ళు పెట్టుకుని ముళ్ళు తీసుకుంటూ కూర్చున్నాను.