కాల్చకుండా ఉండే బటన్

ఆ సోమవారం పొద్దున సుమలత వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటల బ్యాచ్‌కు పాఠం చెప్పి, ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కడినుంచి అహోబిలం జీపు పట్టుకుని, పొద్దు గూకేలోపు గూడెం చేరి అమ్మ చేతి కూడు తినాలి. నల్లమలలోని ఆ చెంచు గూడెంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. మూడేళ్లుగా, అంటే 2002 నుంచి, నంద్యాలలో విష్ణువర్ధన్ నడిపే కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతోంది.

బ్యాగు సర్దుకుంటుండగా విష్ణువర్ధన్ కేకేశాడు. "అమ్మా సుమలతా, బస్సు సంగతి మళ్ల చూస్తువు. ఈడికి రా, ఒకటి చూపిస్తా."

తెర మీద ఒక భయానక ఆట. బెంగళూరు కంపెనీ ఒకటి తయారు చేస్తోంది. పేరు 'నల్లమల నరకం'. తుపాకీ పట్టిన హీరో అడవిలోకి వెళతాడు, రాక్షసులు మీద పడతారు, కాల్చుకుంటూ పోవాలి. అంతే ఆట. రాక్షసులకు ఎర్రటి కళ్లు, నోట్లో కోరలు, మెడలో ఎముకల దండ. చేతిలో మాత్రం వెదురు విల్లు, వీపున అడవి తీగల బుట్ట. ఆ విల్లు సుమలత నాయనది. ఆ బుట్ట అమ్మది. ఆ ఒంటి రంగు ఇంట్లో ముగ్గురిదీ.

"సార్, ఈళ్లు మావోళ్ల మాదిరి ఉండారు."

"అందుకే కదమ్మా నిన్ను పిల్చింది! రాక్షసులకు అడవి భాష కావాలంట. మీవోళ్లను ఇద్దర్ని ఆళ్లగడ్డకు రమ్మను. కంపెనీ మనిషి వచ్చి రికార్డు చేసుకుంటాడు."

"మాది తెలుగే సార్."

"అది కాదమ్మా, ఇంట్లో మాట్లాడుకునేది."

"ఇంట్లో గూడా తెలుగే సార్."

"సిగ్గుపడాకు. బయట చెప్పుకోని భాష ఒకటి ఉంటాది కదా, అది."

"అట్లాంటిది లేదు సార్. ఉండేది తెలుగొక్కటే. ముందు ఆ బొమ్మలు మార్చమనండి."

"ఆట కదమ్మా, ఎవురు పట్టించుకుంటారు? వచ్చే ఆదివారం కళ్యాణమండపంలో ప్రదర్శన. కుదిరితే జిల్లా అంతటా అమ్మేది మనమే. కుదర్లేదనుకో, సెంటర్‌కు తాళమే. నీ ఉద్యోగం గూడా అంతే."

మూడుసార్లు చెప్పింది, చాలు. నాలుగోసారి చెప్పే ఓపిక సుమలతకు లేకపోయింది.

బుధవారం ఆమె రమ్మంటే తల్లి చిన్నమ్మ, తండ్రి భీమన్న ఆళ్లగడ్డ వచ్చారు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో కంపెనీ తరఫున జ్ఞానప్రకాశం మైకులు బిగించుకుని కూర్చున్నాడు. మద్రాసు మనిషి, మర్యాదస్తుడు. తెలుగు ఒక్క ముక్క రాదు. వచ్చినవాళ్లకు టీలు తెప్పించి, సుమలతతో ఇంగ్లీషులో అన్నాడు: అడవిలో కొత్త మనిషి కనిపిస్తే వీళ్లు ఏమని అరుస్తారో, అదే అరవమనండి.

సుమలత ఆ మాటను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పింది. ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు.

భీమన్న మైకు ముందు నిలబడి, కొండకు అవతలివాడికి వినబడేటట్టు అరిచాడు. చిన్నమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. జ్ఞానప్రకాశం చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇంత భయంకరమైన భాష తన సర్వీసులో వినలేదని విష్ణువర్ధన్‌కు ఫోన్ చేశాడు.

విష్ణువర్ధన్ పొంగిపోయాడు. గురువారానికల్లా నంద్యాల గోడల నిండా పోస్టర్లు వెలిశాయి: 'ప్రపంచంలో తొలిసారి, నల్లమల రాక్షస భాషలో!' గొంతు ఇచ్చినవాళ్లు కదా అని భీమన్న దంపతులకు మొదటి వరసలో రెండు సీట్లు కేటాయించి కబురు కూడా పంపాడు. ఈ కబురు సంగతి సుమలతకు తెలియదు. శబ్దాలు కలిపిన సీడీని మాత్రం ఎవరూ వినలేదు. సెంటర్‌లో స్పీకర్లు లేవు. కంపెనీలో తెలుగు తెలిసినవాడు యజమాని రంగనాథం ఒక్కడే. ఆయన ఆదివారం పొద్దున రైలు దిగి నేరుగా కళ్యాణమండపానికి వచ్చాడు.

మండపం కాలేజీ కుర్రాళ్లతో కిక్కిరిసింది. మొదటి వరసలో అమ్మానాన్నలను చూసి సుమలత గబగబా అటు నడిచింది. ఆ బొమ్మల మాట ఆమె వాళ్లకు చెప్పనే లేదు. దగ్గరికి పోయేలోపే దీపాలు ఆర్పేశారు.

సురేశ్ అనే డిగ్రీ విద్యార్థి ఆడటానికి కూర్చున్నాడు. తెర మీద చిమ్మచీకటి అడవి. పొదలు కదిలాయి. ఎర్రటి కళ్ల రాక్షసుడు విల్లెత్తుకుని దూకాడు. మనిషెత్తు స్పీకర్లు దద్దరిల్లాయి.

"ఓయప్పా! ఆ పక్క పోవాకు! ఎలుగుబంటి ఉండాది!"

హీరో ధన్‌మని కాల్చాడు. ఇంకో రాక్షసి చేతులు చాచి పరుగెత్తుకొచ్చింది.

"నీళ్లు తాగినావా నాయనా? మొగం వాడిపోయిండాదే!"

"నా గొంతే!" చిన్నమ్మ సంబరంగా లేచి నిలబడింది. ధన్‌! తెర మీద రాక్షసి బుట్టతో సహా నేలకూలింది. చిన్నమ్మ ఆ బుట్ట వంకే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది: "అమ్మీ, నన్నెందుకు కాల్చినాడు? నేనేమంటి?"

నవ్వబోయిన కుర్రాళ్లు ఆ ప్రశ్న విని ఆగిపోయారు. "ఏందప్పా ఇది, దావ చెప్పేటోళ్లను కాల్చేదేంది?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "కాల్చాకు సురేశా!" అని ఇంకొకడు. సురేశ్‌కూ కాల్చబుద్ధి కాలేదు. కీబోర్డంతా వెతికాడు.

"అన్నా, కాల్చకుండా ఉండే బటన్ యాడుంది?"

అలాంటి బటన్ లేదు. "బటన్! బటన్!" అని మండపం హోరెత్తింది. రంగనాథం విష్ణువర్ధన్ మీద పడ్డాడు. "ఏం భాషయ్యా ఇది?"

"రాక్షస భాషన్నారు సార్, ఈ అమ్మాయే..." అంటూ విష్ణువర్ధన్ వేలు చూపించాడు.

ఉద్యోగం ఎటూ పోయినట్టే అనుకుంది సుమలత. వేదికెక్కి మైకు అందుకుంది. "తెలుగు సార్. మూడుసార్లు చెప్పినా. కొత్త మనిషిని చూస్తే ఏమంటారో అదే అనమన్నారు, మావోళ్లు అదే అన్నారు. మాకు కోరలు పెట్టింది మీరు. మా రంగు తీస్కపోయి దయ్యానికి పూసింది మీరు. ఆ చచ్చిపడుండేది మా అమ్మ."

చప్పట్లు ఆగలేదు. ఆ హోరులోనే భీమన్న లేచి తెర దగ్గరికి నడిచాడు. చప్పట్లు సద్దుమణిగాయి. ఆయన రాక్షసుడి చెయ్యిని తేరిపార చూశాడు.

"విల్లు తిరగేసి పట్టినాడు. ఈడు ఎవురినీ కొట్టలేడు, ఊరికే కాలుస్తాండారు."

మండపం పగలబడి నవ్వింది. రంగనాథం కూడా నవ్వాడు. వ్యాపారం తెలిసినవాడు కాబట్టి నవ్వుతూనే ఆలోచించాడు. కుర్రాళ్లు తిడుతున్నారు గానీ, ఒక్కడూ లేచి పోలేదు. "అయితే ఎట్ల ఉండాలమ్మా?" అని సుమలతను అడిగాడు.

ఆమె అక్కడే చెప్పింది, తర్వాత నాలుగు నెలలు చెప్పింది. కొత్త ఆటలో ఎర్ర కళ్లు పోయాయి, ఎముకల దండలు పోయాయి. అడవిలో పిలిచే మనుషుల మాట వింటే బయటపడతావు. వాళ్ల మీద తుపాకీ ఎత్తితే ఆ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతాయి, నువ్వు చీకట్లో ఒంటరిగా మిగులుతావు. అంతకుముందు ఏ కోరలూ పెట్టించలేనంత భయం అప్పుడు పుట్టింది. నంద్యాలకు తెచ్చిన సీడీలన్నీ వారంలో అయిపోయాయి. ఆట చివర పేర్లలో జ్ఞానప్రకాశం పట్టుబట్టి చిన్నమ్మ పేరు, భీమన్న పేరు అందరికంటే పైన వేయించాడు. అంతా తన ముందుచూపేనని విష్ణువర్ధన్ పత్రికల వాళ్లకు చెప్పుకున్నాడు.

సుమలతకు కంపెనీలో కొత్త ఉద్యోగం వచ్చింది. కాగితం పట్టుకుని గూడేనికి పోయి, అమ్మకు చదివి వినిపించింది.

"అదేం పనే అమ్మీ?" అంది చిన్నమ్మ.

"వాళ్లు చేసేదాంట్లో తప్పులు చెప్పేదమ్మా."

"దానికి జీతమిస్తారా?" చిన్నమ్మ మొగుడి వైపు తిరిగి చూసింది. "ముప్పై ఏండ్లుగా మీ నాయనకు ఊరికే చెప్తాండా."