వంతెన దగ్గర కూత

ఆ పల్లె లైను పట్టాలు సన్నవి, పెద్ద ఇంజన్ల బరువుకు ఆగవు. అందుకే బొగ్గూ నీళ్ళూ ఒంటిమీదే మోసుకు తిరిగే చిన్నరకం ఆవిరి ఇంజన్లు తెచ్చారు. వాటిలో ఇంకా నడుస్తున్నది ఒక్కటే. దాన్ని ఉంచాలా, తుక్కుకు పంపాలా అని తేల్చడానికి ఆ రోజు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

డ్రైవరు ఇల్లు లైను పక్కనే. పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూ భార్యతో అన్నాడు. "ఆయన్ని భోజనానికి పిలుస్తా. కడుపు నిండితే మనసు మెత్తబడుతుంది. వస్తానంటే వంతెన దగ్గర ఒక కూత వేస్తా."

"వెంట ఇంకెవరైనా వస్తేనో?"

"తలకో కూత!"

ఇన్‌స్పెక్టరు ఇంజనెక్కి, చేతిరుమాలుతో ముక్కు మూసుకుని, భోజనానికి మాత్రం సరేనన్నాడు. ఆ సంబరంలో వంతెన రాగానే డ్రైవరు కూత గొలుసు బలమంతా పెట్టి లాగాడు. ఇంజను కెవ్వుమంది. గొలుసు వదిలినా ఆగలేదు. ఫైర్‌మన్ పార తీసుకుని కూత గొట్టం మీద ఒక్కటిచ్చాడు. ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కూసింది.

ఇంట్లో భార్య లెక్కపెడుతోంది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి.

"వాడు ఇన్‌స్పెక్టర్ని పిలిచాడా, ఆఫీసంతటినీ పిలిచాడా?" అంది అత్తగారు.

"ఆఫీసు కాదత్తయ్యా, సైన్యాన్ని! ఇంటికి రానీండి, చెప్తా ఆయన పని!"

కొంగు బిగించి ఇరుగుపొరుగుల మీద పడింది. గిన్నెలొచ్చాయి, గరిటెలొచ్చాయి, వీధి వీధంతా పొయ్యిలు రాజుకున్నాయి.

అవతల ఆవిరంతా కూతకే ఖర్చయిపోయింది. నత్తలా పాకి పాకి, మధ్యాహ్నానికి సరిగ్గా ఇంటి వెనక ఎత్తు దగ్గర ఇంజను ఆయాసపడి, నిలబడిపోయింది. వెనక పెట్టెల్లోని ప్రయాణికులు తిట్టుకుంటూ దిగారు.

"దీని సంగతి తేలిపోయింది. రేపే తుక్కుకు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అప్పుడు కంచె దగ్గర గరిటెతో భార్య ప్రత్యక్షమైంది. "ఇంతమందిని పిలిచి అక్కడే నిలబెట్టారేంటండీ? అన్నీ చల్లారిపోతున్నాయి, రమ్మనండి!"

చెప్పాల్సిన పనే లేకపోయింది. రెండు పెట్టెల జనమూ కంచె దూకారు.

మూడోసారి వడ్డించుకుంటూ ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. "బండి ఆగిపోతే ప్రయాణికులు పస్తుండకూడదని ముందే వండించి పెట్టావా? ఏ లైన్లోనూ ఇలాంటి ఏర్పాటు చూడలేదయ్యా!"

డ్రైవరు నిజం చెప్పబోయాడు. భార్య కాలు తొక్కింది. "మా ఆయనకు ముందుచూపు ఎక్కువండీ," అంది.

ఇంజను బతికిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బండిలో కాలు పెట్టే చోటు లేదు. ఎక్కినవాళ్ళలో ఏ ఊరు వెళ్ళాలో తెలిసినవాళ్ళు తక్కువ.